గుల్మార్గ్‌లో పొద్దున స్కీయింగ్, మధ్యాహ్నం నుంచి విశ్రాంతి: మొదటిసారి వెళ్లేవాళ్ల కోసం మా అనుభవం

గోదారిగట్టు
మార్చి 12, 2025, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చదివిన సమాచారంతోనే మా కాశ్మీర్ ప్రయాణం ప్లాన్ చేసుకున్నాం. తిరిగొచ్చాక మా అనుభవం రాయకపోతే బాకీ పడ్డట్టే అనిపించింది. వెళ్లింది నలుగురం: నేను, మావారు, ఆరో తరగతి చదివే మా అమ్మాయి, 68 ఏళ్ల మా నాన్నగారు. సొంతూరు తణుకు దగ్గర, ఉండేది హైదరాబాద్.

అసలు టికెట్లు ఫిబ్రవరి 20కి తీసుకున్నాం. ఈసారి మంచు సరిగా పడలేదు. 22న గుల్మార్గ్‌లో మొదలవ్వాల్సిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ కూడా వాయిదా వేశారని వార్త చూసి, కాస్త డబ్బు పోయినా మేమూ తేదీలు మార్చుకున్నాం. ఫిబ్రవరి చివర్లో బాగా పడింది. మేం మార్చి మొదటి వారంలో వెళ్లాం. ఒక రాత్రి శ్రీనగర్‌లో ఉండి, మర్నాడు టంగ్‌మార్గ్ మీదుగా పైకి. టంగ్‌మార్గ్‌లో చక్రాలకి గొలుసులు బిగించిన బండిలోకి మారాం. అక్కడినుంచి గుల్మార్గ్ 13 కిలోమీటర్లు. రోడ్డుకి రెండు పక్కలా దేవదారు చెట్లు, కొమ్మలు బరువుకి కిందికి వంగిపోయి ఉన్నాయి. నాన్నగారు దారంతా కిటికీ అద్దం తుడుస్తూనే ఉన్నారు.

ముందే ఒక మాట చెప్పేస్తాను. మేం స్కీలు (బూట్ల కింద బిగించుకునే పొడవాటి పలకలు) వేసుకుని మంచు మీద గడిపింది మూడు గంటలే. మిగతా రోజంతా ఊరికే కూర్చున్నాం. ఇంట్లో నలుగురం ఒకేచోట అంతసేపు కూర్చున్న రోజు ఈమధ్య కాలంలో నాకు గుర్తు లేదు.

పొద్దున ఆరున్నరకి లేచేసరికి బయట మైనస్ 7 డిగ్రీలు. గదిలో బుఖారీ ఉంది, అంటే కట్టెలు వేసే ఇనుప పొయ్యి, పొగ పోవడానికి గొట్టం పైకప్పులోంచి బయటికి వెళ్తుంది. కిటికీ తెరిస్తే చూరు నిండా మంచు కడ్డీలు. మా ఊళ్లో తాటాకు చూరు నుంచి వానధార పడుతూ ఉన్నపళాన ఆగిపోతే ఎలా ఉంటుందో అలా ఉన్నాయి.

అన్నిటికంటే ముఖ్యమైంది బూట్లు. ముందురోజు సాయంత్రమే ఒక అద్దె షాపులో తీసుకున్నాం. "లోపల ఉన్ని మేజోళ్లు వేసుకుంటారుగా, పెద్దవే మంచిది" అని రెండు సైజులు పెద్దవి అంటగట్టారు. ఒకదానికి బకిల్ కూడా సరిగా పట్టడం లేదు. పొద్దున మా ఇన్‌స్ట్రక్టర్ (టంగ్‌మార్గ్ పక్క పల్లెటూరి అబ్బాయి, ముప్పై ఏళ్లుంటాయి) నా కాలు పట్టుకుని బూటులో అటూ ఇటూ కదిపి చూసి, "మేడమ్, ఇది వెనక్కి ఇచ్చేయండి. బూటు పెద్దదైతే కాలు తిరుగుతుంది కానీ స్కీ తిరగదు" అన్నాడు. తనే మాతో వచ్చి వేరే షాపులో మార్పించాడు. నిలబడితే వేళ్లు ముందు అంచుకి తగలాలి, మోకాలు ముందుకి వంచితే వేళ్లు వెనక్కి జరగాలి, మడమ మాత్రం పైకి లేవకూడదు. సరైన బూటు అదేనట. ఒక్క జత పలచటి మేజోళ్లు చాలు. రెండు జతలు వేసుకుంటే మడత పడి రక్తప్రసరణ తగ్గుతుంది, అప్పుడు ఇంకా చలేస్తుంది. ఈ మార్పిడికి ముప్పావుగంట పోయింది. ఆ ముప్పావుగంట పెట్టకపోయి ఉంటే మిగతా రోజంతా పాడయ్యేది.

ఎండాకాలంలో గోల్ఫ్ మైదానం ఉండే చోటే కొత్తవాళ్లు నేర్చుకునే వాలు. దూరం నుంచి చూస్తే వాలు అని కూడా అనిపించదు. మొదటి అరగంట ఒక కాలికే స్కీ వేసుకుని నడక. తర్వాత రెండూ వేసుకుని పక్కకి పక్కకి అడుగులేస్తూ ఎక్కడం. ఆ తర్వాత ఆగడం. ముందు ఆగడం నేర్పి, తర్వాతే జారనిచ్చాడు. స్కీల ముందు కొనలు దగ్గరికి తెచ్చి, మడమలు దూరంగా తోసి, లోపలి అంచుల మీద బరువు వేస్తే మంచుని గీరుకుంటూ వేగం తగ్గుతుంది. దీన్ని స్నో ప్లౌ అంటారు. మా అమ్మాయికి ఎంత చెప్పినా కాళ్లు సమాంతరంగానే పోతున్నాయి. గట్టున నిలబడి చూస్తున్న నాన్నగారు, "బండి నొగల్లాగా పెట్టమ్మా! ముందు కలవాలి, వెనక విడిపోవాలి" అని అరిచారు. ఆయన చిన్నప్పుడు మా ఇంట్లో ఎడ్లబండి ఉండేది. మా అమ్మాయి ఫొటోల్లో తప్ప నొగలు చూడలేదు, అయినా ఆ ఒక్క మాటకి కాళ్లు అలాగే పెట్టింది. ఆగింది. ఇన్‌స్ట్రక్టర్ ఆ మాటకి అర్థం అడిగి తెలుసుకున్నాడు.

నాకు కష్టమైంది ముందుకి వాలడం. భయమేస్తే ఒళ్లు దానంతటదే వెనక్కి పోతుంది. వెనక్కి పోయిన మరుక్షణం స్కీలు చేతికి దొరకవు. కాలి ముందెముక బూటు నాలుకకి ఆనుకుని ఉండాలి. అది ఆనుతోందా లేదా అని మాత్రమే చూసుకోమన్నాడు. ఏడో సారో ఎనిమిదో సారో వాలు పైనుంచి కింది దాకా పడకుండా వచ్చాను. కిందికొచ్చి వెనక్కి తిరిగి చూస్తే నా గీతలు రెండూ మంచులో కనిపిస్తున్నాయి. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. 41 ఏళ్ల వయసులో ఒళ్లు ఒక కొత్త పని నేర్చుకుంది.

పన్నెండున్నరకి ఆపేశాం. ఆ తర్వాత గండోలాలో (తీగ మీద కొండపైకి వెళ్లే బండి) ఫేజ్ 1 వరకే, అంటే మొదటి మజిలీ కొంగ్‌డోరికి వెళ్లాం. అక్కడ ఎండలో కూర్చుని కహ్వా (కుంకుమపువ్వు వేసిన కాశ్మీరీ టీ) తాగాం. ఆకాశం తేటగా ఉంది కాబట్టి ఉత్తరాన దూరంగా నంగా పర్బత్ చూపించారు. మూడింటికల్లా కిందికొచ్చి, వేడినీళ్ల బకెట్లో పాదాలు పెట్టుకుని, బుఖారీ చుట్టూ చేరాం. సాయంత్రం దాకా ఎవ్వరం కదల్లేదు.

మొదటిసారి వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఇదే. చిన్న వాలు, ఒక్క పూట చాలు. ఆ తర్వాత కూర్చోండి. ప్రశ్నలుంటే అడగండి, తెలిసినంత చెప్తాను.


బ్రాడీపేట_బాబు
మార్చి 12, 2025, రాత్రి 10:25

చాలా బాగా రాశారండీ. మేం ఈ నెల 24న బయల్దేరుతున్నాం, మాది గుంటూరు. అమ్మకి 64, మోకాళ్ల నొప్పులు. ఆవిడ స్కీయింగ్ ఎలాగూ చేయరు. చలిలో అంతసేపు ఏం చేయాలి, ఒక్కరినీ గదిలో వదిలేయాలా అని టెన్షన్‌గా ఉంది. మీ నాన్నగారు ఆ మూడు గంటలూ ఎక్కడున్నారు? ఫోన్ పనిచేసిందా?


గోదారిగట్టు
మార్చి 12, 2025, రాత్రి 11:05

ఫోన్ సంగతి ముందు. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూకాశ్మీర్‌లో పనిచేయవు. పోస్ట్‌పెయిడ్ ఉండాలి. ఇంట్లో ఒక్కరికైనా ఉండేలా బయల్దేరేముందే చూసుకోండి.

నాన్నగారు వాలు పక్కనే ఒక టీ కొట్టు బల్ల మీద కూర్చున్నారు. శ్రీనగర్‌లో ఆయనకి ఒక ఫిరన్ కొన్నాం. మోకాళ్ల కింద దాకా వచ్చే వదులు ఉన్ని అంగరఖా అది. కొట్టాయన కాంగ్రీ ఇచ్చాడు. వెదురు బుట్టలా అల్లిన దాంట్లో మట్టి పిడత, అందులో నిప్పులు. దాన్ని ఫిరన్ లోపల పొట్ట దగ్గర పెట్టుకుంటారు. నాన్నగారు దాన్ని రెండు చేతులతో పట్టుకుని, "ఇది మన కుంపటేనమ్మా, వెంట తీసుకుపోయే కుంపటి" అన్నారు. అలవాటు లేనివాళ్లు ఒళ్లో పెట్టుకుని కునుకు తీయకూడదు, బట్టలకి అంటుకోవచ్చు. అమ్మగారికి ఇచ్చేటప్పుడు పక్కన ఎవరో ఒకరు ఉండండి. మూసిన గదిలో అసలు వద్దు.

ఆ బల్ల మీదే ఒక కాశ్మీరీ పెద్దాయన కూర్చున్నారు. ఇద్దరిదీ అరకొర హిందీ. అక్కడా వరి పండుతుందని నాన్నగారికి అప్పుడే తెలిసింది. ఇక ఇద్దరూ నారుమడి గురించి, నీటి కాలవల గురించి గంటన్నర మాట్లాడుకున్నారు. మేం పడ్డామో లేచామో ఆయన చూసింది తక్కువే. అమ్మగారి గురించి దిగులు పడకండి. వాలు కనిపించే చోట ఎండ పడే బల్ల ఒకటి చూసిపెట్టండి, సరిపోతుంది.


ఎముకలడాక్టర్
మార్చి 13, 2025, ఉదయం 7:15

ఆర్థోపెడిక్ సర్జన్‌ని, విజయవాడ. స్కీయింగ్ నాకూ ఇష్టమే, నాలుగుసార్లు వెళ్లాను. గోదారిగట్టు గారు పన్నెండున్నరకి ఆపేయడం చాలా మంచి నిర్ణయం. నేను చూసినంతలో దెబ్బలు ఎక్కువగా తగిలేది "ఇంకొక్కసారి, ఇదే చివరిసారి" అనుకున్నప్పుడు. తొడ కండరాలు అలిసిపోయాయని మనకి తెలిసేలోపే కాలు మాట వినడం మానేస్తుంది.

కొత్తవాళ్లకి ఎక్కువగా దెబ్బ తగిలేది మోకాలి లోపలి వైపు లిగమెంట్‌కి, అంటే ఎముకల్ని కలిపి పట్టి ఉంచే పట్టీకి. నొగల్లా పెట్టిన స్కీల్లో ఒకటి బయటికి లాగేసి, ఒళ్లు లోపలికి పడిపోయినప్పుడు మోకాలు మెలిపడుతుంది. బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగ్ ఆ క్షణంలో బూటుని వదిలేయాలి. దాని స్ప్రింగు మన బరువు, ఎత్తు, వయసు, బూటు అరికాలి పొడవు, అనుభవం బట్టి సెట్ చేస్తారు. అద్దె షాపులో ఈ వివరాలేవీ అడక్కుండా స్కీలు చేతికిచ్చేస్తే, మీరే అడిగి సెట్ చేయించుకోండి. రెండోది బొటనవేలు. చేతికర్ర పట్టుకునే పడితే బొటనవేలి మొదట్లో లిగమెంట్ తెగొచ్చు. పడుతున్నాం అనిపించగానే కర్రలు వదిలేయాలి.

ఎత్తు గురించి. శ్రీనగర్ దాదాపు 1,600 మీటర్లు, గుల్మార్గ్ 2,650, కొంగ్‌డోరి 3,000 పైన, ఫేజ్ 2 దిగే అఫర్వాట్ స్టేషన్ 3,900 పైన. 2,500 దాటాక ఎవరికైనా తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం రావచ్చు. ఒక రాత్రి శ్రీనగర్‌లో ఉండడం అందుకే అవసరం. గుండె జబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు ఫేజ్ 2 జోలికి పోకుండా ఉండడమే మంచిది, కనీసం మీ డాక్టర్‌ని అడిగాకే. పైన తల తిరిగితే మందుల కంటే ముందు చేయాల్సింది కిందికి దిగిపోవడం.

కళ్లు మర్చిపోకండి. కొత్త మంచు ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిప్పి కొడుతుంది. మబ్బు పట్టిన రోజైనా నల్ల కళ్లద్దాలు తీయొద్దు. సన్‌స్క్రీన్ గడ్డం కిందా, ముక్కు కిందా కూడా రాసుకోవాలి, ఎండ కిందినుంచీ వస్తుంది కాబట్టి.

గుంటూరు తమ్ముడూ, నీకు పది రోజులు టైముంది. రోజూ గోడకి వీపు ఆనించి కుర్చీలో కూర్చున్నట్టు ఒక నిమిషం, ఐదుసార్లు. పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడు. ఆరు వారాల ముందు మొదలుపెట్టాల్సింది, కానీ పది రోజులైనా పనికొస్తుంది.


కరీంనగర్_రైడర్
మార్చి 13, 2025, ఉదయం 9:02

మర్యాదగానే విభేదిస్తున్నాను అక్కా. అంత దూరం, అంత ఖర్చు పెట్టుకుని పోయి ఫేజ్ 2 చూడకుండా వస్తారా? నేను పోయిన్నాడు ఆ స్టేషన్ బయట అడుగుపెట్టంగనే ఒక్క క్షణం మాట రాలేదు. కింద లోయంతా మబ్బులతో నిండిపోయి ఉంది, మనం మబ్బుల పైన ఉన్నాం. మళ్లీ ఎప్పుడు పోతామో తెలియదు కదా. ఆరోగ్యం బాగున్నోళ్లు తప్పకుండా పోవాలె అని నా మాట. చిన్న వాలు, కహ్వా ఎక్కడైనా దొరుకుతాయి.


గోదారిగట్టు
మార్చి 13, 2025, మధ్యాహ్నం 1:30

మీ మాటా నిజమే తమ్ముడూ. ఒంటరిగానో స్నేహితులతోనో వెళ్తే నేనూ ఎక్కేదాన్నేమో. మాకు రెండూ చేసే సమయం లేదు. ఫేజ్ 2కి క్యూలో నిలబడ్డవాళ్లని చూశాను, ఆ రోజు రెండు గంటల పైనే పడుతోంది అన్నారు. ఆ రెండు గంటలు నాన్నగారితో ఎండలో కూర్చోవడానికి వాడుకున్నాను. అది తక్కువైందని నాకు ఇప్పటికీ అనిపించడం లేదు.


పాత_సిపాయి
మార్చి 13, 2025, రాత్రి 8:10

శ్రీకాకుళం జిల్లా వాడిని, సైన్యంలో పనిచేసి రిటైరయ్యాను. గుల్మార్గ్‌లో మన సైన్యానికి హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్ ఉంది. 1948లో అది స్కీ స్కూల్‌గానే మొదలైంది. నా ఉద్యోగంలో ఒక చలికాలం అక్కడ గడిపాను. సముద్రం పక్కన పుట్టినవాడికి మంచు చదవడం నేర్పారు. ఆ చదువు ఇప్పటికీ మర్చిపోలేదు.

ఫేజ్ 2 చూడ్డం ఒకటి, అక్కడినుంచి స్కీ మీద దిగడం పూర్తిగా వేరొకటి. ఇది పిల్లలకి కచ్చితంగా చెప్పండి. అఫర్వాట్ పైన ఉన్నది చదును చేసిన స్లోప్ కాదు. పడ్డ మంచు పడ్డట్టే ఉంటుంది. అందుకోసమే ప్రపంచం నలుమూలల నుంచి స్కీయర్లు వస్తారు. గస్తీ బృందం కొన్ని భాగాలే తెరిచి, మిగతావి మూసేస్తుంది. 2023 ఫిబ్రవరిలో హపత్‌ఖుద్ వైపు మంచు చరియలు విరిగిపడి ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. 2024 ఫిబ్రవరిలో మళ్లీ ఒక రష్యన్. వాళ్లు మనకంటే ఎన్నో రెట్లు అనుభవం ఉన్నవాళ్లు.

మంచు ఎందుకు జారుతుందో సులువుగా చెప్తాను. మంచు ఒకే ముద్ద కాదు, పొరలు పొరలుగా పడుతుంది. మధ్యలో చాలా రోజులు పొడిగా, బాగా చలిగా ఉంటే అప్పటికే ఉన్న పొర చక్కెర పలుకుల్లా విడివిడిగా అయిపోతుంది. దాని మీద ఒక్కసారిగా రెండు మూడడుగులు కొత్త మంచు పడితే కింద పట్టు ఉండదు. 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద ఒక్క మనిషి బరువు పడినా పలక పలకంతా విరిగి జారిపోతుంది. ఈ సంవత్సరం జరిగింది సరిగ్గా అదే వరస: ముందు పొడి వాతావరణం, చివర్లో భారీ మంచు. అలాంటప్పుడు తాడు కట్టి మూసిన చోటికి ఎవరు రమ్మన్నా వెళ్లొద్దు. పైకి వెళ్లే స్కీయర్ల దగ్గర బీకన్ (మంచు కింద ఉన్నవాళ్ల జాడ చూపే సిగ్నల్ పరికరం), మంచులో గుచ్చి చూసే పొడవాటి ప్రోబ్ కర్ర, పార ఉంటాయి. అవి మంచులో కూరుకుపోయిన పక్కవాడిని వెతికి తవ్వి తీయడానికి.

గోల్ఫ్ మైదానం వాలు మీద ఈ భయాలేవీ లేవు. అక్కడ హాయిగా నేర్చుకోండి.


నారాయణగూడ_నానీ
మార్చి 13, 2025, రాత్రి 9:45

సార్, మీరు చెప్పిన ఆ పొడి వాతావరణం మాకు 2024 జనవరిలో తగిలింది. పెళ్లయిన మొదటి ప్రయాణం. గుల్మార్గ్ చేరితే గోధుమరంగు ఎండు గడ్డి. చిల్లై కలాన్, అంటే డిసెంబర్ 21 నుంచి 40 రోజుల గడ్డు చలికాలం, ఎక్కువ మంచు పడాల్సింది అప్పుడే. ఆ నడిమధ్యన నేల కనిపిస్తోంది. మా కంటే అక్కడివాళ్ల మొహాలు చూస్తే ఎక్కువ బాధేసింది. స్కీలన్నీ గోడకి ఆనించి ఉన్నాయి, గుర్రాలవాళ్లు ఎండలో ఊరికే నిలబడి ఉన్నారు. మా హోటల్లో పనిచేసే పెద్దాయన, మంచు పడకపోతే మాకు ఎండాకాలంలో నీళ్లు కూడా ఉండవు బాబూ అన్నాడు. మేం వచ్చేశాక నెలాఖరుకి పడింది. అందుకే ఇప్పుడెవరైనా అడిగితే జనవరి మొదట్లో కాకుండా ఫిబ్రవరి మధ్య నుంచి మార్చి మొదటి రెండు వారాల్లో పెట్టుకోమంటున్నాను. అదీ తేదీ మార్చుకునే వీలున్న టికెట్లతో.


టాహో_తెలుగు
మార్చి 14, 2025, ఉదయం 6:20

కాలిఫోర్నియా నుంచి. మేం శానోజేలో ఉంటాం, చలికాలంలో రెండు మూడుసార్లు లేక్ టాహో వెళ్తాం. దారిలో ఐ-80 హైవే మీద మంచు పడితే చెయిన్ కంట్రోల్ పెడతారు, గొలుసులు లేని బండిని ఆపేస్తారు. మీరు రాసిన టంగ్‌మార్గ్ మజిలీ చదువుతుంటే అదే గుర్తొచ్చింది.

ఇక్కడ తేడా ఏమిటంటే అంతా గుర్తులు పెట్టి ఉంటుంది. పచ్చ గుండ్రం కొత్తవాళ్లకి, నీలం చదరం మధ్యవాళ్లకి, నల్ల డైమండ్ ఆరితేరినవాళ్లకి. చిన్న వాలు మీదికి కదిలే పట్టా ఉంటుంది, మ్యాజిక్ కార్పెట్ అంటారు, ఎక్కి నిలబడితే చాలు. రాత్రంతా యంత్రాలతో వాలు దువ్వుతారు. పిల్లలకి స్నో ప్లౌ అని చెప్పరు, పిజ్జా ముక్కలా పెట్టమంటారు. బండి నొగలు అనే మాట చదవగానే మా ఆవిడకి వినిపించాను. ఈ వారం మా పిల్లలకి అలాగే చెప్పబోతున్నాం.

మేం మొదట్లో చేసిన తప్పు చెప్తాను. 1960 శీతాకాల ఒలింపిక్స్ జరిగిన కొండ ఇక్కడే ఉంది, ఇప్పుడు దాన్ని పాలిసేడ్స్ టాహో అంటున్నారు. ఆ పేరు చూసి మొదటిసారే అక్కడికి వెళ్లాం. టికెట్‌కి బోలెడు పెట్టాం కదా అని పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా వదల్లేదు. మూడున్నరకి మా ఆవిడ మోకాలు మెలిపడింది. ఆరు వారాలు బ్రేస్. డాక్టరు గారు రాసింది అక్షరాలా మా కథే. ఆ తర్వాత నుంచి పద్ధతి మార్చాం. పొద్దున స్కీయింగ్, మధ్యాహ్నం పార్కింగ్‌లో కారు డిక్కీ తెరిచి పులిహోర, పెరుగన్నం. చలిలో పెరుగన్నం ఏమిటని నవ్వేవాళ్లున్నారు, కానీ ఎండ పడుతున్న కొండ ముందు కూర్చుని తిని చూడండి. తర్వాత సరస్సు ఒడ్డున నడక. చుట్టూ కొండలన్నీ మంచే, లోతు వల్ల ఆ సరస్సు మాత్రం గడ్డకట్టదు.

మార్చిలో వెళ్లేవాళ్లకి ఒక కిటుకు. రాత్రి గడ్డకట్టిన మంచు పొద్దున్నే గాజులా గట్టిగా ఉంటుంది, పడితే దెబ్బ తగులుతుంది. తొమ్మిదిన్నర పది నుంచి పైపొర మెత్తబడుతుంది, కొత్తవాళ్లకి అదే మంచి వేళ. ఒంటిగంట దాటాక తడి ఇసకలా అయి స్కీలు పట్టేస్తాయి. మీరు పన్నెండున్నరకి ఆపారు, మంచు కూడా అప్పటికే ఆపమంటూ ఉండాలి.


మంచుమల్లె
మార్చి 14, 2025, మధ్యాహ్నం 3:50

విశాఖ అమ్మాయిని. గుల్మార్గ్‌లో భారత ప్రభుత్వ స్కీయింగ్ సంస్థ ఉంది కదా, అక్కడ రెండు వారాల బేసిక్ కోర్సు చేశాను. ఒక్క పూట చాలు అన్న అక్క మాటకి నాదొక చేర్పు. ఒక్క పూటలో నచ్చితే, తర్వాతి ఏడాది కోర్సుకి రండి. మొదటి మూడు రోజులు నాకు లిఫ్ట్ లేదు. స్కీల కొనలు బయటికి విప్పి, చేప ముల్లులా అడుగులేస్తూ మంచు తొక్కుకుంటూ ఎక్కాలి, ఒక్కసారి జారాలి, మళ్లీ ఎక్కాలి. ఏడుపొచ్చేది. అయిదో రోజుకి ఎక్కడం కూడా ఇష్టమైంది.

తిరగడం ఎలాగో చెప్తాను. కుడికి తిరగాలంటే ఎడమ కాలి మీద బరువు వేయాలి. ఎడమకి తిరగాలంటే కుడి కాలి మీద. బుర్రకి ఇది తలకిందులుగా అనిపిస్తుంది. చూపు మాత్రం వెళ్లాల్సిన చోటే పెట్టాలి, కాళ్లకేసి చూస్తే కాళ్ల దగ్గరే పడతాం.

మేం నేర్చుకునే చోటే స్థానిక పిల్లలు పదేళ్లవాళ్లు గాలిలా వెళ్లిపోయేవాళ్లు. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో మన దేశం నుంచి పాల్గొన్న ఒకే ఒక్క క్రీడాకారుడు ఆరిఫ్ ఖాన్. జెయింట్ స్లాలమ్‌లో (పాతిన గుర్తుల మధ్య మలుపులు తిరుగుతూ దిగే పందెం) 45వ స్థానం. ఆయనది టంగ్‌మార్గ్ ప్రాంతమే. ఆ పిల్లలకి ఆయన పేరు చెబితే మొహాలు వెలిగిపోతాయి.


బ్రాడీపేట_బాబు
మార్చి 14, 2025, రాత్రి 8:30

ఇవన్నీ ప్రింట్ తీసుకున్నాను. ఇంకో విషయం. స్లెడ్జ్ బళ్లు (మంచు మీద జారే చెక్క బళ్లు) లాగేవాళ్లు వెంటపడతారని, బేరం గట్టిగా చేయాలని చాలామంది చెప్పారు. నిజమేనా? తిండి సంగతి కూడా చెప్పండి. అమ్మ శాకాహారి.


గోదారిగట్టు
మార్చి 14, 2025, రాత్రి 10:15

వెంటపడతారు, నిజమే. బండి దిగగానే పదిమంది చుట్టుముడితే మాకూ కంగారేసింది. ఒకాయన ముందు ఒక రేటు చెప్పి, చివర్లో మూడింతలు అడిగాడు. కాసేపు వాదించి, మొదట అన్న మాటకి వంద ఎక్కువిచ్చి వచ్చేశాం. ఆ కోపంతో మిగతావాళ్లందరినీ విదిలించుకుంటూ తిరిగాం. తర్వాత నాన్నగారిని వాలు దాకా తీసుకెళ్లాల్సి వచ్చి ఇంకొకాయన్ని పిలిచాం. యాభై దాటిన మనిషి. కాళ్లకి రబ్బరు బూట్లు, భుజానికి తాడు. ఎక్కే చోట ఆయన ఊపిరి చప్పుడు నాకు వినిపించింది. నాన్నగారు దిగి నడుస్తానన్నారు. ఆయన ఒప్పుకోలేదు, "మీరు కూర్చోండి, ఇది నా పని" అన్నాడు. మంచు ఉన్న ఈ కొద్ది నెలల్లోనే తన చలికాలపు సంపాదనంతా చూసుకోవాలని చెప్పాడు. కాబట్టి రేటు ముందే స్పష్టంగా మాట్లాడుకోండి, ఎంత దూరమో, రానూపోనూనా అని కూడా. మాట్లాడుకున్నాక మాత్రం పది రూపాయల దగ్గర గీచి గీచి బేరం ఆడకండి. ఇన్‌స్ట్రక్టర్ విషయంలోనూ అంతే. అమ్మాయి రెండు గ్లవ్స్ తడిసిపోతే తన జత తీసి ఇచ్చాడు ఆ అబ్బాయి. చేతులు జేబులో పెట్టుకునే మాకు మిగతా పాఠం చెప్పాడు.

తిండికి ఇబ్బంది లేదు. రాజ్మా అన్నం అన్ని చోట్లా ఉంటుంది. నద్రూ యఖ్ని అడగండి, తామరతూడు ముక్కల్ని పెరుగులో వండుతారు, మన మజ్జిగపులుసుకి దూరపు చుట్టంలా ఉంటుంది. కానీ మాంసం వండిన గిన్నెలు, రసం వాడతారేమో అమ్మగారి కోసం ముందే అడిగి తెలుసుకోండి. హాక్ అనే ఆకుకూర నాన్నగారికి ఎంతో నచ్చింది. ఆవనూనె వాసన మొదట కొత్తగా ఉంటుంది, రెండో ముద్దకి అలవాటవుతుంది. నూన్ చాయ్ అని గులాబీరంగు టీ ఇస్తారు, అందులో చక్కెర ఉండదు, ఉప్పు ఉంటుంది. తెలియక తాగితే ఉలిక్కిపడతారు. కహ్వా మాత్రం అందరికీ నచ్చుతుంది. కుంకుమపువ్వు, యాలకులు, దాల్చినచెక్క, పైన బాదం పలుకులు.

మేం కందిపొడి, ఆవకాయ, చిన్న సీసాలో నెయ్యి పట్టుకెళ్లాం. నెయ్యి రాయైపోయింది, బుఖారీ మీద పెట్టి కరిగించాం. వేడన్నంలో ఆవకాయ కలిపి హోటల్లో పనిచేసే కుర్రాడికి ఒక ముద్ద పెడితే, నీళ్లు తాగి మళ్లీ చెయ్యి చాపాడు. మిగిలిన సీసా అతనికే ఇచ్చేసి వచ్చాం.


బ్రాడీపేట_బాబు
మార్చి 27, 2025, సాయంత్రం 5:35

గుల్మార్గ్ నుంచే రాస్తున్నాను. కింద మైదానంలో మంచు అక్కడక్కడా కరిగి గడ్డి బయటపడింది. అందుకని ఇన్‌స్ట్రక్టర్ పొద్దున్నే గండోలాలో కొంగ్‌డోరికి తీసుకెళ్లాడు, అక్కడ ఇంకా బాగానే ఉంది. బూట్లు మూడు జతలు మార్పించాను. బైండింగ్ సెట్ చేయమని అడిగితే షాపాయన నా బరువు అడిగి స్క్రూడ్రైవర్ తీశాడు. పదకొండుసార్లు పడ్డాను, కర్రలు వదిలేశాను, బొటనవేళ్లు క్షేమం. పన్నెండింటికి ఇన్‌స్ట్రక్టర్ ఇంకో రౌండ్ వెళ్దామా అన్నాడు. కాళ్లు వణుకుతున్నాయి, వద్దన్నాను.

అమ్మకి ఎండలో బల్ల దొరికింది. మీ నాన్నగారిలాగే ఫిరన్, చేతిలో కహ్వా. మేం దిగి వచ్చేసరికి పక్కన కూర్చున్న ఒక కాశ్మీరీ అమ్మ దగ్గర ఉన్నితో అల్లిక నేర్చుకుంటోంది. ఇద్దరికీ భాష లేదు. ఇప్పుడు గదికొచ్చాక కూడా అదే అల్లుకుంటూ బుఖారీ పక్కన కూర్చుంది, మోకాళ్ల నొప్పి మాటే ఎత్తలేదు. బయట మళ్లీ సన్నగా మంచు మొదలైంది. కిటికీ తలుపు కాస్త తెరిచి ఉంచమంటోంది.